ఇసుకపై కట్టిన కట్ట
(సర్ ఆర్థర్ కాటన్ స్మారకోపన్యాసము)



కాటన్ దొర పేరు వినబడినంతనే తెలుగువారి మనస్సు గోదావరీతీరమునకు పరుగెత్తుట సహజము. ధవళేశ్వరమున ఆయన విగ్రహమున్నది, ఆయన పేరిట బ్యారేజీ యున్నది, మే నెల 15వ తేదీ వచ్చినప్పుడు ఆయనకు పూలదండలు వేయు రైతులున్నారు. గోదావరీస్నానము చేయుచు సంకల్పములో ఆయన పేరు తలచు పండితులు కూడ కలరందురు. అట్టి మహనీయుని స్మరించుటకు, ఆయన పేరు చెప్పుకొనదగిన ఆనకట్ట యొక్కటియు లేని ఈ నాగావళి యొడ్డున, మనమేల సమావేశమైతిమని అడుగువారుండవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దానికి నా యుత్తరమేమనగా, కాటన్ గోదావరికి పోవుటకు ముందు మన యుత్తరతీరమున, విశాఖపట్టణమున, కొంతకాలము ఉద్యోగము చేసెను. అక్కడ ఆయనకు సంప్రాప్తమైన ప్రతిపక్షి నది కాదు, సముద్రము. ఆయన చరిత్రకారులు ఆ ఘట్టమును ఒకటి రెండు వాక్యములలో దాటిపోయిరి. గోదావరి జిల్లాలవారికి ఆ వాక్యములతో పని లేకపోవచ్చును గాని, ఇచ్ఛాపురము మొదలుకొని రణస్థలము వరకు 193 కిలోమీటర్లు, ఆపై విజయనగరము జిల్లాలో మరి 28 కిలోమీటర్లు సముద్రమును ఎదుట పెట్టుకొని బ్రతుకుచున్న మనకు, ఆయన జీవితమునకు ఆ వాక్యములే ప్రవేశద్వారము కాదగినవి.

ఈ యుపన్యాసము వ్రాసిన భాషను విన్నచో, వంశధార యొడ్డున పర్వతాలపేటలో పుట్టి, వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు సభ నుండి లేచి పోయెడివారే. ఆయనకు నమస్కరించి, చిన్ననాట అబ్బిన అలవాటు వదలినది కాదని మనవి చేసికొని, విషయమునకు వచ్చుచున్నాను.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. బహుసంతానము గల కుటుంబము. అన్నదమ్ములలో పలువురు భారతదేశపు కొలువులోనే కాలము గడిపిరి. అడిస్కోంబ్ సైనికవిద్యాలయమున చదివి, పదునారేండ్ల ప్రాయమున మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో ఈ దేశమున అడుగిడెను. మరుసటి యేడే ఆయనను పాంబన్ జలసంధిని పరిశీలింపుమని పంపిరి. రామేశ్వరద్వీపమునకును ప్రధానభూమికిని నడుమ, రాళ్లును ఇసుకదిబ్బలును అడ్డుపడి ఓడలను పోనీయని ఆ యిరుకు దారిలో, పందొమ్మిదేండ్ల యువకుడు లోతులు కొలుచుచు, ప్రవాహములు ఏ మాసమున ఎటు మరలుచున్నవో వ్రాసికొనుచు గడపిన దినములే ఆయన యసలు విద్యాభ్యాసమని నేను తలతును. తరువాత బర్మా యుద్ధము వచ్చినది, పోయినది. దానితో మనకు పనిలేదు.

1828 నుండి ఆయన కావేరీమండలపు నీటిపనులలో ప్రవేశించెను. అక్కడ ఆయనకు గురువు లభించెను. ఆ గురువు మనిషి కాదు, ఒక కట్ట; తంజావూరు సీమలో చోళులు కట్టించిరని లోకము చెప్పుకొను కల్లణై. నదీగర్భమున ఎంత త్రవ్వినను ఇసుకయే గాని రాయి తగలని చోట, ఆ ప్రాచీనులు పెద్ద పెద్ద బండలను నీటిలో పడవైచిరి. బండ తన బరువుచేత ఇసుకలో కూరుకొనిపోయినది, దానిపై మరియొక బండ, అదియు దిగినది, దానిపై వేరొకటి. ఎప్పటికో ఒకనాటికి క్రింది బండ దిగుట మానినది, పైబండ నీటికి పైన నిలిచినది. అట్లు నిలిచిన రాతిరాశి నడుమ బంకమట్టి కూరి, పైని కట్టడము లేపిరి. బలమైన పునాది కొఱకు గట్టినేల దొరకువఱకు త్రవ్వవలెనని పాశ్చాత్యవిద్య నేర్చి వచ్చిన యువకునకు, గట్టినేల లేకుండగనే శతాబ్దములు నిలిచిన కట్టను చూచినప్పుడు కలిగిన విస్మయము సామాన్యమైనది కాదు. వదులు ఇసుకపై పునాది వేయు విద్యను తాము ఈ దేశపు ప్రాచీనుల నుండియే నేర్చితిమని ఆయన తరువాతి కాలమున దాపరికము లేకుండ ఒప్పుకొనెను. పాలకజాతివాడు పాలితజాతికి ఋణపడితినని వ్రాసి యిచ్చుట ఆ కాలమున అరుదు. 1836లో కావేరీపాయయగు కొళ్లిడము మీద ఆయన కట్టించిన ఆనకట్టలు ఈ ఋణమునకు వడ్డీయని చెప్పవచ్చును.

ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియా ప్రాంతములకు పోయి, అచ్చట వివాహము చేసికొని, మరలి వచ్చిన తరువాత ఆయన విశాఖపట్టణమునకు నియుక్తుడయ్యెను. ఒక క్రైస్తవ దేవాలయమును కట్టించుట ఆయనకు అప్పగించిన పని. అయితే పట్టణపు తీరమును సముద్రము కోసికొనిపోవుచుండగా చూచి ఊరకుండుట ఆయన తత్త్వము కాదు. అలలకు ఎదురుగా నిలువుగోడ కట్టుట ఆ కాలమున ఎవరికైనను తోచు ఉపాయము. కాటన్ అట్లు చేయక, ఒడ్డునుండి సముద్రములోనికి చొచ్చుకొనిపోవునట్లు, తీరమునకు అడ్డముగా, మొరటు రాతికట్టలను వేయించెను. ఇంజనీర్లు వీనిని గ్రోయిన్లందురు.

దీనిలోని మర్మమేమో కొంచెము నిలిచి చూడవలెను. మన తీరమున ఇసుక ఒకచోట నుండునది కాదు. ఎండకాలము మొదలుకొని నైరృతిగాలి వీచినంతకాలము అలలు ఏటవాలుగా ఒడ్డును తాకి, ఇసుకను ఉత్తరముగా మోసికొనిపోవును; ఈశాన్యపు గాలి తిరిగిన తరువాత కొంత వెనుకకు తెచ్చును. పోయినది ఎక్కువ, వచ్చునది తక్కువ. కావున ఏడాది మొత్తము మీద ఇసుక దక్షిణము నుండి ఉత్తరమునకు నడచుచునే యుండును. మన జాలరులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఏ నెలలో ఏ యేటి మొగ పూడునో, ఏ నెలలో తెఱచుకొనునో, తెప్ప ఎక్కడ దింపవలెనో ఎక్కడ దింపరాదో వారికి పంచాంగముతో పనిలేకుండ తెలియును. కాటన్ చేసినదేమనగా, అలను కొట్టుటకు పూనుకొనక, అల మోసుకొనిపోవు ఇసుకను కొంత దారిలో పట్టి నిలుపుట. పట్టిన యిసుకయే మేటవేసి తీరమైనది, ఆ తీరమే పట్టణమునకు కట్ట యైనది. కట్టినది సముద్రమే, ఆయన రాళ్లు దానికి చోటు చూపినవి, అంతే.

ఆయన పనిని ఇంతగా మెచ్చుకొనుచున్న నేను, దానిలోని చిక్కును దాచుట ధర్మము కాదు. ఒకచోట ఇసుకను పట్టి నిలిపినచో, దానికి ఉత్తరముగా నున్న తీరమునకు రావలసిన యిసుక రాదు. చిన్న గ్రోయిన్ల వలన ఈ నష్టము కంటికి కనబడదు గాని, పెద్ద కట్టడములు లేచినప్పుడు తీరమే లెక్క అప్పగించును. మద్రాసు రేవునకు 1875 ప్రాంతమున బాహువులవలె రెండు కట్టలు వేసిరి; 1881 నవంబరు తుపాను వానిని చాలవఱకు చెరచినది; మరల కట్టిరి. నాటి నుండి రేవునకు దక్షిణమున ఇసుక మేటవేసి, మనము మెరీనా యని మురియు విశాలమైన తీరము పెరిగినది. ఉత్తరమున రాయపురము వైపు సముద్రము ఇండ్ల గడపలు తాకినది. విశాఖలో 1933లో రేవు తెరచుటకు ముందు, డాల్ఫిన్స్ నోస్ కొండ దాపున రెండు పాత ఓడలను నీటముంచి, వానినే ఆధారముగా చేసి అలకట్టను నిలిపిరి. ఓడలను తెచ్చి కట్టగా పడవేయుట కాటన్‌కు నచ్చియుండెడి యుపాయమే. కాని ఆ రేవు మొగమున చేరు ఇసుకను ఏటేట డ్రెడ్జరుతో తోడి, ఉత్తరమున నున్న తీరమునకు పోయవలసి వచ్చుచునే యున్నది. పోయని యేడు బీచి రోడ్డు సముద్రము వంక ఒరుగును. కట్ట కట్టుట ఒకనాటి పని. దాని వెనుక ఇసుకకు దారి చూపుట ఎన్నటికి తీరని పని.

ఇక్కడ ఒక పరదేశిని స్మరింపవలసియున్నది. ఒలందాదేశమున 16వ శతాబ్దిలో ఆండ్రీస్ వీర్లింగ్ అను కట్టల యధికారి యుండెను. సముద్రము కంటె పల్లములో నున్న తన దేశమున గట్లు కట్టించుటలో జీవితమంతయు గడపి, 1570 నవంబరున తీరమును ముంచిన మహాప్రళయమును కన్నులార చూచి, వార్ధక్యమున గట్టుపనిని గూర్చి ఒక పెద్ద గ్రంథము వ్రాయబూనెను. అది సంపూర్తి కాలేదు. 1920 వఱకు అచ్చునకును నోచుకొనలేదు. ఆయన సిద్ధాంతము కాటన్ మార్గమునకు ముత్తాతవంటిది: నీటిని బలాత్కరింపరాదు, బలాత్కరించినవానిపై అదే బలమును నీరు త్రిప్పికొట్టును, కాబట్టి దానిని మెల్లగా మరల్చుకొనవలెను. మెత్తని పాదుకలు తొడిగి యింట కూర్చుండు దొరలకు గట్టుపని అప్పగింపరాదని కూడ ఆయన మందలించెను. ఆ దేశపు వర్తకులు మన భీమునిపట్నమున కోఠీ పెట్టుకొని, 1825లో ఇంగ్లీషువారికి అప్పగించువఱకు వ్యాపారము చేసిరి. వారి సమాధులు నేటికిని అచ్చట నున్నవి. బట్టల బేళ్లను ఓడలకెత్తించుకొనిరే గాని, తమ దేశము ప్రపంచమునకు నేర్పగల విద్య యేదో దానిని గోస్తనీముఖమున వారు నేర్పిపోయినట్లు కనబడదు. వర్తకుని చూపు వేరు, గట్టు కట్టువాని చూపు వేరు.

కాటన్ గోదావరికి వచ్చుసరికి ఆ జిల్లా స్థితి మనకు ఊహకందనిది. 1833లో గుంటూరు సీమను ఊడ్చిన డొక్కల కరవు గోదావరిజిల్లాను కూడ తాకినది. 1839 నవంబరున తుపాను ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టినది. 1821 తరువాత ఇరువదియేండ్లలో జిల్లా జనసంఖ్య ఏడు లక్షల పైచిలుకు నుండి ఐదున్నర లక్షల ప్రాంతమునకు దిగజారినది. ఒక యేడు నీరు లేక చచ్చుట, మఱొక యేడు నీరు ఎక్కువై చచ్చుట, ఈ రెంటి నడుమ సర్కారు శిస్తు మాత్రము తప్పకుండుట. సర్ హెన్రీ మాంట్‌గోమరీ విచారించి, అచ్చటి దుఃస్థితికి మందు నీటిపనియే యని, దానికి తగిన ఇంజనీరును నియమింపవలెనని వ్రాసెను. కాటన్ 1844లోను, 1845లోను నివేదికలు సమర్పించెను. 1846లో కుంఫిణీ అనుమతి వచ్చినది. 1847లో పని మొదలైనది.

ధవళేశ్వరము దగ్గర నది లంకలతో కూడి నాలుగు మైళ్ల వెడల్పు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకల నడుమ, మొత్తము రెండు మైళ్లకు పైబడిన కట్ట. ఎత్తు పండ్రెండడుగులు మాత్రమే. అంత మహానదికి పండ్రెండడుగుల కట్టయా యని నవ్విన వారుండవచ్చును. వరద వచ్చినప్పుడు దానిని ఆపుట ఆ కట్ట పని కాదు. వరద దానిపై నుండి దొర్లిపోవలసినదే. వరద తీసిన తరువాత, ఊరక సముద్రములో కలియు నీటిని అడ్డుకట్టి కాలువలకెక్కించుట దాని పని. కావున ఎత్తు కంటె దానికి వెడల్పు ముఖ్యము. ముందుభాగమున బావులు దింపి వానిపై గోడ. వెనుక, పొర్లిపడు నీరు ఇసుకను తవ్వి గోడ క్రింద గొయ్యి చేయకుండ, ఏటవాలుగా దూరము వఱకు పఱచిన మొరటు రాళ్ల పరుపు. ఆ పరుపులో రాళ్లు ఒకదానికొకటి సున్నముతో అంటలేదు. ఇసుక జారినచోట రాయి కూడ జారును, దాని చోట మఱొక రాయి వేయుదురు. అతికించిన గోడ ఇసుక జారగానే పగులును. వదులుగా పేర్చిన రాయి క్రొత్తచోట కూర్చుండును. కల్లణై నేర్పిన పాఠమే యిది. విశాఖతీరపు రాళ్లును ఇదే పాఠము చెప్పినవి. ఆయన బుద్ధి మూడు చోట్ల ఒకే దారిన నడచినది: నీటికి కొంత యిచ్చి, కొంత పుచ్చుకొనుట.

ఆ పని ఒక్కని పని కాదు. పదివేల మంది కూలీలు, వందల కొలది వడ్రంగులు కమ్మరులు, కొండరాయి మోయు బండ్లు, టేకు దుంగల తెప్పలు. వీణెం వీరన్న అను తెలుగువాడు ఈ సమూహమునకును దొరలకును నడుమ వారధి. మనుష్యులను కూర్చుట, వారికి గంజి నీరు చూచుట, పని ఏ పొద్దున ఎంత జరిగినదో చెప్పగలుగుట ఆయన సామర్థ్యము. ఆయనకు రాయ్‌బహదూర్ బిరుదమిచ్చిరి; వీరన్న లేనిచో ఈ పని జరిగియుండెడిది కాదన్నంతగా కాటన్ ఆయనను గౌరవించెను. 1848లో ఎండదెబ్బ తగిలి కాటన్ మంచమెక్కి, మరల ఆస్ట్రేలియాకు పోవలసి వచ్చినప్పుడు, కెప్టెన్ ఓర్ పనిని నడపెను. నగరపులంకకు వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించు గన్నవరపు అక్విడక్టును, నలువదడుగుల వెడల్పున నలువదితొమ్మిది కమానులతో, హేగ్ అను యువ ఇంజనీరు ఒక్క పని ఋతువులోనే నిలబెట్టెను. 1852 నాటికి ఆనకట్ట పూర్తియైనది. ఓర్ అటు నుండి కృష్ణకు పోయి, బెజవాడ ఆనకట్టను 1855 నాటికి ముగించెను. గోదావరి డెల్టాలో నేడు సుమారు పదిలక్షల యెకరములు తడియుచున్నవి; నాడు కరవుతో మాడిన జిల్లాకు నేడు అన్నపూర్ణ యని పేరు.

ఇంత మేలు చేసిన పనిలోను లోపములు లేకపోలేదు. నదికి ఇరువైపుల ఏటిగట్లు బలపడిన కొలది, పూర్వము వరదతో పొలము మీద పఱచుకొను ఒండ్రు నదిలోనే చిక్కి సముద్రమునకు పోయినది. కాలువలు నీరు తెచ్చినవి గాని, వాడిన నీరు పోవు మార్గములకు అంత శ్రద్ధ దక్కలేదు. పల్లపు భూములు తడియుటతో తనివి తీరక మునిగినవి. 20వ శతాబ్ది నడుమ మిత్రా కమిటీని వేసి డ్రెయినుల సంగతి తేల్చవలసి వచ్చినది. 1986 ఆగస్టు వరదలో బ్యారేజీ మీదుగా 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయిననాడు, తెగినవి కోనసీమ ఏటిగట్లు. నీరు రావించుటలో చూపిన ప్రతిభలో సగము దానిని పంపించుటలో చూపవలసినది కాటన్ వెనుక వచ్చినవారు. ఈ తప్పు ఆయన ఖాతాలో కంటె మన ఖాతాలో వ్రాయుటయే సమంజసము.

మన మాట చెప్పుకొందము. నాగావళి, వంశధారలు రెండును ఒడిశా కొండలలో పుట్టి, రమారమి రెండువందల యేబది కిలోమీటర్లలో సముద్రము చేరును. గోదావరికి వరద వచ్చుచున్నదని భద్రాచలము నుండి ముందుగా వార్త వచ్చును. వంశధారకు వార్త, వరద ఒక్కసారే వచ్చును. కొండలో రాత్రి కురిసిన వాన తెల్లవారుసరికి పల్లములో గట్టు తన్నును. మహేంద్రతనయ, బాహుద, చంపావతి మొదలగు చిన్న నదుల సంగతి చెప్పనక్కరలేదు. ఈ సీమ 1936 వఱకు చాలభాగము గంజాం జిల్లాలోనిది. ఒరిస్సా కరవు నాడు, 1866లో, ఈ గ్రామములును ఆకలి చూచినవి. ధవళేశ్వరము వెలసిన అర్ధశతాబ్దికి గాని, 1908లో, నాగావళి మీద తోటపల్లి రెగ్యులేటరు రాలేదు. వంశధారకు గొట్టా బ్యారేజీ దేశము స్వతంత్రమైన చాలకాలమునకు వచ్చినది. నదులు చిన్నవి, శిస్తు తక్కువ, ఖర్చు ఫలింపదని వేసిన లెక్కయే దీనికి కారణము. కాటన్ ఈ లెక్కను జీవితాంతము ఎదిరించెను. ఎదిరించి గోదావరిలో గెలిచెను, గంజాములో ఆయనకు రణరంగమే దొరకలేదు.

దొరలు రాకపోయినను మన తీరము గట్లు లేకుండలేదు. సోంపేట వైపు బీలయని, తంపరయని ప్రజలు పిలుచుకొను నీటిపల్లములున్నవి. వాన నీటిని నిలుపుకొని, సముద్రపు టుప్పును లోపలికి రానీయక, చుట్టుప్రక్కల మళ్లకు తేమ నిచ్చు ప్రకృతి కట్టడములవి. ఉద్దానపు ఒడ్డున ఇసుకతిన్నెలకు మొగలిపొదలే కాపు. తిన్నె సముద్రపు వైపు వాలున రావణాసురుని మీసమను ముండ్లగడ్డి వేరు పాతుకొని, ఎగురు ఇసుకను పట్టును, బాలబంద తీగ దానిపై ప్రాకి కప్పును, వెనుక మొగలి, దాని వెనుక తరువాత నాటిన సరుగుడు. విశాఖ తీరమున కాటన్ రాళ్లతో చేయించిన పనిని ఇచ్చట ఈ గడ్డి కూలి లేకుండ చేయుచున్నది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దాపున తిత్లీ తుపానులు వచ్చి పోయిన తరువాత, తిన్నె చెక్కుచెదరక నిలిచిన యూరును, ఇంటిపునాదికో రోడ్డునకో తిన్నె త్రవ్వి తరలించిన యూరును ప్రక్క ప్రక్కన పెట్టి చూచినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఇక నౌపడ. అక్కడ ఉప్పుమడుల చుట్టును కూలివాండ్రు కట్టు మట్టిగట్లు కాటన్ గాని వీర్లింగ్ గాని చూచియుండిన, నిలిచి చూచెడివారు. బంకమట్టిని పారతో కోసి, పెళ్లలుగా పేర్చి, కాళ్లతో త్రొక్కి, తడి ఆరకముందే చేతితో నున్నగా చరచుదురు. ఎండ తగిలి బీటలు వారినచో ఆ బీటయే రేపటి గండి. అమావాస్య పోటున ఉప్పుటేరు పొంగి గట్టు తెగినదనుకొనుడు. తెలియనివాడు తట్టతో మట్టి తెచ్చి గండి నడుమ పోయును. నీరు దానిని నవ్వుచు మోసికొనిపోవును. తెలిసిన మేస్త్రి ముందు గండి రెండు కొనల దగ్గరకు పోవును. తాటిదుంగలు పాతి, గడ్డిచుట్టలు అడ్డుపెట్టి, కొనలు ఇంకను కోసికొనిపోకుండ బిగించును. అంతటితో చేతులు కడుగుకొని కూర్చుండును. పోటు తీసి, పాటు మొదలై, నీటి వేగము చచ్చువఱకు మనుష్యులను, మట్టి తట్టలను వరుసగా నిలబెట్టి యుంచును. నీరు అలసిన గడియలో అందఱును ఒక్కపెట్టున నడుమ మూయుదురు. ఏ విద్యాలయమును నేర్పని ఈ క్రమమునే ఒలందా ముసలివాడు పుటలు పుటలుగా వ్రాసెను. నౌపడ మేస్త్రి వ్రాయలేదు గనుక ఆయనకు స్మారకోపన్యాసము లేదు.

గట్టు ఎవరిది అను ప్రశ్న కూడ ఇచ్చట వచ్చును. ఒలందాకు ఇరుగుపొరుగున నున్న సముద్రతీరములలో పూర్వమొక ధర్మముండెడిది: తన వంతు గట్టును బాగుచేసికొనజాలని రైతు తన పారను గట్టులో గుచ్చి వెళ్లవలెను, ఆ పారను ఎవడు పెరికినచో వానికి ఆ భూమియు, ఆ గట్టు భారమును సంక్రమించును. కఠినమైన ధర్మమే; కాని గట్టునకు యజమాని లేని దినము రాకుండ కాపాడినది. మన దేశమున కుడిమరామత్తు ఉండెడిది. చెరువుగట్టు, కాలువగట్టు ఊరివారందఱును చేయి కలిపి పూడ్చుకొనెడివారు. 1858లో మద్రాసు రాజధాని కొఱకు చేసిన ఒక చట్టము, గట్టు తెగు ప్రమాదము వచ్చినప్పుడు గ్రామస్థులు వచ్చి పనిచేయవలసినదేయని శాసించినది. చట్టము కావలసి వచ్చినదనగా ఆచారము అప్పటికే సడలినదని యర్థము. నీటిపనులన్నియు సర్కారువైన తరువాత గట్టును సర్కారు చూచుకొనునని ఊరివారును, ఊరివారు అరచినప్పుడు చూతమని సర్కారును కూర్చున్నారు. వేసవిలో ఒక తట్ట మట్టి వేయనివారు అక్టోబరు రాత్రి వేయి ఇసుక బస్తాలు మోయుచున్నారు.

కాటన్ 1861లో సర్ అయ్యెను, కొలువు విరమించిన తరువాతను విశ్రాంతి యెఱుగడు. రైళ్లకు కోట్లు పోసి కాలువలకు చిల్లర విదల్చుట కరవును పిలుచుటయేయని పత్రికలలో, గ్రంథములలో వాదించెను. 1876 మొదలుకొని రెండేండ్లు దక్షిణదేశమును కరవు కబళించినప్పుడు ఆయన గొంతు మఱింత హెచ్చినది. పార్లమెంటు సంఘమెదుట ఆయనను నిలిపి ప్రశ్నించిరి. ఆయన లెక్కలు అతిశయోక్తులన్నారు. కొన్ని అతిశయోక్తులే. నౌకాయానపు కాలువలు రైలును జయించునని ఆయన నమ్మినంతగా కాలము నమ్మలేదు. నదులన్నిటిని ఒకదానితో నొకటి కలుపవలెనన్న ఆయన స్వప్నమును ఇప్పటికిని కొందఱు కనుచునే యున్నారు, నేను ఆ వర్గమున చేరినవాడను కాను. కాని కరవున మనిషి చచ్చుట దైవికము కాదు, పరిపాలకుని అశ్రద్ధయని ఆయన చెప్పిన మాట మీద ఎవరికిని తర్కించుటకు వీలు చిక్కలేదు.

కడపటి సంవత్సరములలో డార్కింగ్ పట్టణమున కాపురముండి, ఇంటి తోటలో మన్ను లోతుగా త్రవ్వించి గోధుమ పండించి, ఎకరమునకు ఎంత యెక్కువ పండునో తూచుచుండెను. 1899 జులైలో, తొంబదియారేండ్ల ప్రాయమున, కన్నుమూసెను. కూతురు లేడీ హోప్ మరుసటి యేడు ఆయన జీవితచరిత్రను ప్రకటించినది. విశాఖ తీరపు రాళ్ల సంగతి దానిలో కొద్దిగానే యున్నది. దానిని చదివి, ఆయన ఈ సముద్రము నెదుట నిలిచి ఆలోచించిన దినములను మన తీరపు జ్ఞానముతో పూరింపగల యువ ఇంజనీరెవరైనను ఈ సభలో నున్నచో, గ్రంథాలయమునకు పోకముందు ఒకసారి నౌపడకు పోయి గండి పూడ్చు మేస్త్రి ప్రక్కన ఒక పోటు, ఒక పాటు నిలిచి రమ్మని నా మనవి.